నఖసంస్కారము – దాక్షిణాత్య సంప్రదాయము

ఇంట గోళ్ళు తీసి, రాచి, తీర్చుకొనుట నవనాగరకుల విలాసమని పలువురు తలఁచెదరు. ఈ తలంపు చరిత్రకు నిలువదు.

ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ యధ్యాయమున ఉద్దాలకుఁడు శ్వేతకేతువునకు మట్టి, బంగారము, ఇనుము అను మూఁడింటిచేఁ గారణతత్త్వమును బోధించెను. ఇనుమునకు అతఁ డెన్నుకొన్నది ఖడ్గము గాదు, నాఁగలికఱ్ఱు గాదు; గోళ్ళు తీసెడు నఖనికృంతనము. లౌకికులకును పరీక్షకులకును సమానముగాఁ దెలిసినదే దృష్టాంతమని గౌతముని మతము. కావున నా పనిముట్టు నాఁటి యిండ్లలో సుపరిచితమని యూహింపఁదగును.

పాణినీయము నాలవ యధ్యాయమున, నఖశబ్దము తుదనుండు సంజ్ఞలకు ఙీష్ నిషేధింపఁబడినది. కనుకనే రాక్షసి పేరు శూర్పణఖా. చేటలవంటి గోళ్ళు గల యేదేని స్త్రీని జెప్పునపుడు శూర్పనఖీ యనియుఁ గావచ్చును. తీర్పెఱుఁగని గోరు రాక్షసికిఁ బేరై నిలిచిన దన్నమాట.

చరకసంహిత సూత్రస్థానము గోళ్ళను పక్షమునకు ముమ్మాఱు, అనఁగా నించుమించుగా నైదు దినముల కొకసారి, తీయుమన్నది. ఇది శౌచదృష్టి. వాత్స్యాయనునిది సౌందర్యదృష్టి. అతఁడు మంచిగోటికి సమత్వము, నిర్మలత, చీలకుండుట మున్నగు నెనిమిది గుణములు చెప్పెను. గౌడుల గోళ్ళు పొడవై చేతికి శోభ గూర్చుననియు, దాక్షిణాత్యులవి పొట్టివై పని కోర్చుననియు, మహారాష్ట్రులవి మధ్యమములనియు విభజించెను.

ఇందు ఆంధ్రు లెక్కడ? వాత్స్యాయనుఁడు వారిని వేఱొకచోటఁ బ్రత్యేకముగాఁ బేర్కొనెను గదా యని శంక. నిజమే, కాని గౌడ మహారాష్ట్రులను వేఱుచేసిన యీ త్రివిభాగమున ఆంధ్రులకు మూఁడవదగు దాక్షిణాత్యపక్షమే తగినచోటు. అతఁడు కుంతలశాతవాహనుని నెఱిఁగినవాఁడు; దక్షిణాపథ మతనికి వినికిడి మాత్రము గాదు.

మాటయు నీ బంధుత్వమునే చాటును. తమిళమున ఉకిర్, కన్నడమున ఉగురు, తెలుఁగున గోరు. ఉరల్ రోలైనట్లే యిచటను ఆద్యచ్చు లోపలికిఁ జేరినది. ఆచారమును గలదు: తెలంగాణపు పెండ్లిండ్లలో వధూవరులకు గోళ్ళు తీయు మైలపోలు నేఁటికిని జరుగుచున్నది.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. దానిని ముందువెనుకలుగా గీయక, ఒకే దిక్కునకు మెల్లగా రాచినచోఁ జీలదని నేఁటివారు చెప్పుదురు. చీలమి నాఁడే గుణముగా లెక్కింపఁబడినది. కావున మన పొట్టిగోరు అనాగరకత గాదు. శౌచము, శ్రమ, సౌందర్యము మూఁడును గూడిన ప్రాచీనసంస్కారము.