బరువంతా వెనక ఎక్సెల్ మీదే

ఇస్నాపూర్ల ఫోర్‌వీల్ జీపుకు పనేముండెనని కొత్త పోరగాళ్లు అడుగుతుంటరు. ఏం లేకుండె. గుట్టలు లేవు, ఇసుక లేదు. ఉన్నది నైన్ హైవే. 2010ల దాని నంబరు 65 అయింది గని మా నోట్ల ఇంకా నైనే. అయినా మా షెడ్డుకు అన్నం పెట్టింది ఆ జీపుల వెనక హౌసింగే.

1947ల మహీంద్రా వాళ్లు బొంబాయిల విల్లీస్ జీపులు బిగించుడు మొదలువెట్టిన్రు. అది యుద్ధంల పుట్టిన బండి, బురదల నాలుగు చక్రాలు లాగాలని చేసింది. మా దిక్కు 1972ల ఇక్రిశాట్ వచ్చె, 1984ల ఎద్దుమైలారంల ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వచ్చె, నడుమ కంపెనీలు లేచె. షిఫ్టు ఇడిసినంక బస్సు దొరకనోళ్లకు జీపే దిక్కు. లోపట కుక్కినంత మంది, వెనక వేలాడేటోళ్లు వేరే. డీజిల్ మిగులుతదని ఓనర్లు ముందు షాఫ్ట్ ఇప్పి ఇంట్ల మూలకేసేటోళ్లు. ఇగ బరువంతా వెనక క్రౌన్ మీదనే. పళ్లు రాలక ఏం జేస్తయి? మా పనిని పుట్టించింది అడవి తొవ్వ కాదు, ఓవర్‌లోడు.

పళ్లు రాలితే క్రౌన్ బయటికి తీయాలె. లారీకైతే ఎక్సెళ్లు గుంజి, షాఫ్ట్ ఇప్పితే గుండు (డిఫరెన్షియల్) మొత్తం ముందునుంచే ఊడొస్తది. జీపుకు అట్ల నడవదు. షాఫ్ట్ యూ-బోల్టులు ఇప్పంగనే క్రాస్ కప్పులు జారకుండ ట్యూబు రబ్బరు చుట్టాలె. షాఫ్ట్ జారే కాడ రెండు ముక్కల మీద గీత గీయాలె, అది తప్పి బిగిస్తే బండి వణుకుతది. పాత సివిల్ జీపుల హబ్బు ఎక్సెల్ మొనకు బిర్రుగ పట్టుకొని ఉంటది. పుల్లర్ బిగించేటప్పుడు నట్టు మొత్తం తీయొద్దు, రెండు చుట్లు ఉంచాలె. లేకుంటే పట్టు ఇడిసినప్పుడు డ్రమ్ము ఎగిరి మీదవడతది. ఎక్సెళ్లు గుంజినంక వెనక మూత తీసి, బేరింగ్ క్యాపుల మీద ఎడమ, కుడి గుర్తులు పొడిచి, క్రౌన్‌ను వెనకకే లేపాలె. షిమ్ములు ఏ దిక్కువి ఆ దిక్కే.

మా ఉస్తాదు మూత తీయంగనే పళ్లు లెక్కపెట్టేటోడు. యుద్ధం నాటి విల్లీస్‌ల క్రౌన్‌కు 39, పినియన్‌కు 8. తర్వాతి సివిల్ జీపులకు 43కు 8. తుక్కుల దొరికిన హౌసింగ్ కింద పెట్టి ఎన్నో బండ్లు నడిచినయి. “ఇది రెండు బండ్ల బిడ్డరా” అనేటోడు.

1980ల ఆఖర్ల మహీంద్రా వాళ్లు జహీరాబాద్ ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీని తీసుకున్నరు. జీపు కంపెనీ మా రోడ్డుకే వచ్చింది గని అక్కడ తయారయింది చిన్న లారీలు. ఆటోలు పెరిగినంక సవారీ జీపులు తగ్గినయి, మేం లారీల కిందికి పోయినం.

ఇప్పుడు షోకుకు పాత జీపులు కొంటున్నరు. కొనే ముందల రెండు హౌసింగులు ఇప్పిచ్చి పళ్లు లెక్కపెట్టించుండ్రి. ముందు, వెనక లెక్క కలవకుంటే ఫోర్‌వీల్ గేరు జోలికే పోకుండ్రి.