మనవాళ్లతో పాటు పేటకు వచ్చిన ఒక అక్షరం



నగర్తపేటలో అంగళ్లు పెట్టుకున్న మన ఆర్యవైశ్య కుటుంబాలు తెలుగు సీమ నుంచి ఏమేమి తెచ్చుకున్నాయో తరచూ చెప్పుకుంటూనే ఉంటాం. గోత్రం, వాసవాంబ పూజ, ఇంట్లో తెలుగు. చెప్పుకోనిది ఇంకొకటి ఉంది. అది మన రక్తంలో ఉంది.

మన శరీరంలోని కణం రెండుగా విడిపోయే ముందు సుమారు 600 కోట్ల అక్షరాల డీఎన్ఏకు నకలు రాసుకుంటుంది. చిట్టా నకలు తీసేటప్పుడు ఒక అంకె మారినట్టే అక్కడా ఒక్కోసారి అక్షరం మారుతుంది. దీన్నే ఉత్పరివర్తనం అంటారు. పుట్టే ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని మార్పులు 60, 70 దాకా ఉంటాయి. చాలావాటితో ఏ హానీ లేదు. ఎక్స్-కిరణాల వల్ల కూడా ఇవి వస్తాయని 1927లో హెర్మన్ ముల్లర్ ఈగల మీద చూపించాడు.

అలాంటి మార్పే ఏనాడో మన పూర్వికుల్లో ఒకరికి వచ్చింది. బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌లో 307వ చోట లూసిన్‌కు బదులు ప్రోలిన్ పడింది. వైశ్యుల్లో ఈ మార్పు ఉందని 2006లో పరిశోధకులు ప్రకటించారు.

మరి అది ఒక్కరితో ఎందుకు ఆగలేదు? హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం 2009లో జవాబు చూపింది. వైశ్యులు వేల ఏళ్ల కిందట కొద్దిమందితో మొదలై, తర్వాత బయటివారితో దాదాపు కలవలేదు. గోత్రం చూసి పెళ్లి చేసినా మూలం ఆ కొద్దిమందే. అందుకే ఒకే మార్పు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ బిడ్డకు చేరవచ్చు. మేనరికంలో ఆ అవకాశం ఇంకా ఎక్కువ.

ఒక వైపు నుంచే వస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. రెండు వైపులా వచ్చినవారికి ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ ఇస్తే, కొద్ది నిమిషాల్లో తగ్గాల్సిన కండరాల పట్టు సడలింపు గంటల తరబడి ఉంటుంది. సొంతంగా ఊపిరి తీసుకోలేరు. వెంటిలేటర్ పెట్టి కాపాడాలి.

కనుక మనం చేయాల్సింది చిన్న పనే. ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు మనం వైశ్యులమని చెబుదాం. ఇంట్లో ఎవరికైనా మత్తు నుంచి తేరుకోవడం ఆలస్యమై ఉంటే అదీ చెబుదాం. రక్తపరీక్షతో ఎంజైమ్ ఎంతుందో తెలుస్తుంది, బదులుగా వేరే మందులున్నాయి.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇలాంటి మార్పులు మోయని కులమంటూ ఏదీ లేదు. పెద్దలు గోత్రం, ఇంటిపేరు చెప్పినట్టే ఈ సంగతీ పిల్లలకు చెబుదాం.