మామయ్య రేసు బండి

మా అత్తగారింటి గొడ్ల చావిట్లో గోనెపట్టాల కింద ఒక జావా బండి ఉండేది. మామయ్య ఉన్నన్నాళ్ళూ దాన్ని మామూలు బండి అననిచ్చేవారు కాదు. "ఇది రేసు బండి, ప్రపంచ ఛాంపియన్లు తొక్కేది ఇదే" అనేవారు. ఆయన పోయాక మొన్నీమధ్య హైదరాబాదు నుంచి ఒకాయన బేరానికి వచ్చాడు. మావారు ఆ రేసు కథే చెప్పి రేటు పెంచబోయారు. "అయితే కాగితాలు చూపించండి" అన్నాడాయన. వెతికే పని నా మీద పడింది.

ముందు జావా గురించి చదివాను. చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన తుపాకుల కార్ఖానా నడిపేవాడట. 1929లో జర్మనీ వాండరర్ కంపెనీ దగ్గర మోటారుసైకిల్ హక్కులు కొన్నాడు. ఆయన పేరులో మొదటి రెండక్షరాలూ, వాండరర్‌లో మొదటి రెండక్షరాలూ కలిపితే జావా. (వాళ్ళ దేశంలో యావా అంటారట. మామయ్యకు తెలిస్తే ఒప్పుకునేవారు కాదు.)

రేసు మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. స్పీడ్‌వే అని ఒక పందెం ఉంది. మట్టి ట్రాకు మీద నలుగురు నాలుగు చుట్లు తిరుగుతారు. ఆ బండికి ఒకటే గేరు, పోసేది పెట్రోలు కాదు మిథనాలు. అన్నిటికన్నా వింత, బ్రేకులే ఉండవు! మలుపులో వెనక చక్రాన్ని పక్కకు జారనిచ్చి, ఇనుప తొడుగు వేసుకున్న ఎడమ కాలు నేలకి ఆనించి తిప్పుతారు. దివిషోవ్ అనే చిన్న ఊళ్ళో ఎసో అనే కంపెనీ ఈ బళ్ళు చేసేది. 1960ల్లో అది జావాలో కలిసిపోయింది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన న్యూజిలాండ్ ఆటగాడు ఐవాన్ మాగర్ జావా తొక్కినవాడే.

అది చదివి చావిట్లోకి వెళ్ళి పట్టా తీశాను. ముందు చక్రానికి బ్రేకు. వెనక చక్రానికీ బ్రేకు. రెండు సైలెన్సర్లు, వెనక అత్తయ్య కూర్చునే సీటు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి లేపితే కిక్ రాడ్డవుతుంది. అది జావా బళ్ళ సొగసే గాని రేసు గుర్తు కాదు. మా బండి పుట్టిల్లు ప్రాగ్ కూడా కాదు, మైసూరు. బొంబాయిలో జావాలు దిగుమతి చేసి అమ్మిన ఇరానీ కుటుంబం, దిగుమతులు ఆగిపోయాక మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టింది. 1961 నుంచి అక్కడే బళ్ళు తయారయ్యాయి. 1973 నుంచి వాటికి యెజ్దీ అని పేరు. మా ట్యాంకు మీద జావా అనే ఉంది కాబట్టి ఈ రెండేళ్ళ మధ్యదే.

సంవత్సరం మాత్రం అత్తయ్య ట్రంకుపెట్టెలో దొరికింది. ఆర్‌సీ పుస్తకంలో 1969 అని ఉంది. సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. శ్రీనాథుడు జొన్నకూడని వెక్కిరించిన పల్నాట్లో, నరసరావుపేట పక్కన మా వాళ్ళ చేలో వరి పండిన కొత్త రోజులవి. వడ్ల డబ్బుతోనే బండి వచ్చిందని ఇంట్లో అందరం నమ్మాం.

ఆర్‌సీ మడతలో ఇంకో కాగితం ఉంది. తాకట్టు చీటీ. ఐదు తులాల కాసులపేరు, అదే ఏడాది, బండికి పది రోజుల ముందు.

"ఇదేంటత్తయ్యా?" అన్నాను.

అత్తయ్య చీటీని వెలుతురుకి పెట్టి చూసింది. "మా అమ్మ పెట్టింది. వడ్లు సగానికే వచ్చినయ్యి. పంట రాగానే విడిపిస్తానన్నాడు మీ మామయ్య. తర్వాత పెద్దాడు పుట్టాడు, బావి తవ్వించారు, మీ ఆడబిడ్డ పెళ్ళి. మళ్ళీ ఎవరెత్తారు ఆ మాట?"

"మీరు అడగలేదా?"

"అడిగితే రేసు బండి ఎక్కించి కోటప్పకొండ తీసకపోయేవాడు" అని నవ్వింది.

రాత్రి భోజనాల దగ్గర మావారికి చెప్పాను, ఇది రేసు బండి కాదని, ఎవరి సొమ్ముతో వచ్చిందో కూడా. ఆయన చీటీ చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మజ్జిగ పోస్తున్న అత్తయ్యే అంది, "అమ్మితే అమ్మండిరా, నాకేం బాధ లేదు. డబ్బు మటుకు తెచ్చి నా చేతికియ్యండి."