దిగే దారి

అంతరిక్షానికి ఎక్కిపోవడం గురించి మన భాషలో కొంతైనా రాశారు. అక్కడి నుంచి దిగి రావడం గురించి నా కంటపడిన రాతలు తక్కువే. నిజానికి చిక్కంతా దిగడంలోనే ఉంది. సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగంతో భూమిని చుట్టే నౌక ఆ వేగాన్ని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. అందుకు సరిపడా ఇంధనం మోసుకుపోవడం సాధ్యం కాదు కనుక గాలినే ఆశ్రయించారు. కాపాడేదీ ఆ గాలే, కాల్చేదీ ఆ గాలే.

ఈ సంగతి పుస్తకాల కన్నా ఎక్కువగా నాకు నేర్పింది ఆర్బిటర్ అనే సిమ్యులేటర్. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్టిన్ ష్వైగర్ 2000లో దానిని ఉచితంగా విడుదల చేశాడు. 2021లో దాని సోర్సు కోడును కూడా అందరికీ ఇచ్చివేశాడు. ఆటోపైలట్‌ను పక్కనపెట్టి, జాయ్‌స్టిక్ పట్టుకుని నౌకను చేత్తో దించడం నాకు చాలాకాలంగా వ్యసనం. సుమారు 120 కిలోమీటర్ల ఎత్తున గాలి మొదలైనట్టు లెక్క. అక్కడ ముక్కును 40 డిగ్రీలు ఎత్తిపట్టి, నౌక పొట్టను గాలికి ఎదురొడ్డాలి. మరీ నిటారుగా దిగితే వేడిమీ, దేహం మీద పడే బరువూ మితిమీరుతాయి. లిఫ్టు ఎక్కువైతే చెరువు మీద విసిరిన పెంకులా నౌక మళ్ళీ పైకి లేచి గమ్యాన్ని దాటిపోతుంది. (చెరువులో నీళ్ళుంటే కదా పెంకు విసిరేది అని మా అనంతపురం వాళ్ళు నవ్వవచ్చు.) ఎక్కువైన లిఫ్టును తగ్గించాలంటే ముక్కు దించకూడదు, నౌకను ఒక పక్కకు ఒరగదీయాలి. అప్పుడు లిఫ్టు పక్కకు మళ్ళి, నౌక కిందికి జారుతుంది. దారి కూడా పక్కకు పోతుంది కనుక కాసేపటికి రెండోవైపు ఒరగదీయాలి. ఈ పాము నడకే వేగాన్ని, దూరాన్ని సరిచూసే తక్కెడ.

చేత్తో దించడం ఆటలో ముచ్చటే కాని, చరిత్రలో అది తొలుత అగత్యంగా వచ్చింది. 1963 మే 16న గోర్డన్ కూపర్ నడిపిన ఫెయిత్ 7 నౌకలో స్వయంచాలక వ్యవస్థ చెడిపోయింది. ఆయన కిటికీలోంచి చూస్తూ నౌకను నిలబెట్టి, చేతిగడియారంతో సమయం కొలిచి, రాకెట్లను తానే పేల్చి, తన కోసం వేచి ఉన్న ఓడకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో పసిఫిక్ సముద్రంలో దిగాడు. రెండేళ్ళకు, 1965 మార్చిలో, వోస్ఖోద్ 2ను బెల్యాయెవ్ కూడా అలాగే చేత్తో కక్ష్య నుంచి దించవలసి వచ్చింది. 1981 నవంబరులో కొలంబియా షటిల్ రెండో యాత్రలో జో ఎంగిల్ మటుకు కావాలనే కంప్యూటరును తప్పించి, దిగే దారిలో చాలా భాగం తానే నడిపాడు. అంతకు ముందు ఆయన ఎక్స్-15 రాకెట్ విమానం నడిపినవాడు. ఆ ధైర్యం ఆటలో పుట్టేది కాదు.

మన దేశం మాత్రం మొదటినుంచీ యంత్రాన్నే నమ్ముకుంది. శ్రీహరికోట నుంచి 2007 జనవరి 10న ఎగిరిన 550 కిలోల ఎస్.ఆర్.ఇ.-1 పన్నెండు రోజులు కక్ష్యలో తిరిగి, 22న బంగాళాఖాతంలో దిగింది. 2016 మే 23న రెక్కల నౌక ఆర్.ఎల్.వి.-టి.డి. 65 కిలోమీటర్ల ఎత్తుకు పోయి సముద్రం దాకా తనంతట తానే జారి వచ్చింది. ఆ కోవలోదే పుష్పక్. దానికి నేల మీద దిగడం నేర్పడానికి ఎంచుకున్న చోటు మాకు పొరుగునే ఉంది. రాయదుర్గం నుంచి తిన్నగా గీత గీస్తే యాభై కిలోమీటర్ల లోపు దూరంలో ఉండే చళ్ళకెరె ప్రాంతం అది. జిల్లా వేరు, రాష్ట్రం వేరు, కరువు ఒకటే.

అక్కడ 2023 ఏప్రిల్ 2న చినూక్ హెలికాప్టరు పుష్పక్‌ను నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున వదిలింది. 2024 మార్చి 22న రన్‌వే గీతకు 150 మీటర్లు, జూన్ 23న 500 మీటర్లు పక్కగా వదిలారు. మూడుసార్లూ అది మనిషి చెయ్యి లేకుండానే దారి సరిదిద్దుకుని దిగింది. దిగేటప్పటి వేగం గంటకు 320 కిలోమీటర్ల పైమాటే.

ఇటువంటి పనికి నిర్మలమైన ఆకాశం, విశాలమైన చదును నేల కావాలి. షటిల్ దిగిన మొహావి ఎండుచెరువు, నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 11న దిగిన కజకిస్తాన్ గడ్డిమైదానం అటువంటివే. రైతు ఏ మబ్బు కోసం మొగం ఎత్తి చూస్తాడో అది లేకపోవడమే ఇక్కడ అర్హత! అయితే పైనుంచి ఖాళీగా కనిపించేదంతా ఖాళీ కాదు. చళ్ళకెరె కావళ్ళు మైసూరు రాజుల నాటి పశువుల బీళ్ళు. చిక్కదేవరాజ ఒడయరు కాలంలో బెణ్ణె చావడిగా ఉన్న ఆ పశుశాఖకు అమృత్ మహల్ అని పేరు మార్చింది టిప్పు సుల్తాను. ఆ ఎద్దులు ఫిరంగులు లాగాయి. మన ‘కావలి’, కన్నడిగుల ‘కావల్’ ఒక్క మాటే. కాపు కాసిన నేల అని అర్థం. తరువాతి కాలంలో చుట్టుపక్కల పల్లెల గొర్రెలు అక్కడే మేశాయి, ఆ ఉన్నితోనే కంబళ్ళు నేశారు. 2008-10 ప్రాంతంలో దాదాపు 10,000 ఎకరాలను రక్షణ, అణు, అంతరిక్ష, విజ్ఞాన సంస్థలకు పంచి ఇచ్చినప్పుడు గోడలు లేచాయి, ఊళ్ళవాళ్ళు అడ్డం తిరిగారు, తగాదా హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గోడ లోపలి శాస్త్రం మీద నాకున్న మక్కువ చిన్నది కాదు. అయినా ఆ బీడుకు గొర్రెల కాపరి చెల్లించిన వెలను ప్రయోగం ఖర్చులో కలిపి చెప్పకపోవడం న్యాయం కాదనే నా అభిప్రాయం.

రెండో, మూడో ప్రయోగాలలో పుష్పక్‌ను పరీక్షించిన సమయం ఉదయం 7 గంటల 10 నిమిషాలు. మా వైపు దొడ్లలోంచి మందలను తోలుకుపోయే వేళ కూడా ఇంచుమించు అదే.