నల్లగొండ హత్యాభియోగములు - ఒక న్యాయచరిత్ర



హైదరాబాదునుండి బెజవాడకు పోవు రాజమార్గమున సూర్యాపేటయు, దానికి ఆగ్నేయమున కోదాడయు కలవు. దక్షిణమున మిర్యాలగూడెము కలదు. 1946 మొదలు 1951 వఱకు ఈ సీమలో గడచిన కథను మీలో పెక్కుమంది తల్లిదండ్రుల నోటను, తాతల నోటను వినియుందురు. తుపాకుల కథను చెప్పువారు చాలమంది కలరు. ఆ కాలమున న్యాయస్థానములందు జరిగిన కథను చెప్పువారు తక్కువ. నేడు నేను మనవిచేయదలచినది ఈ రెండవ కథ.

నిజాము రాజ్యమున న్యాయస్థానములు లేకపోలేదు. న్యాయశాఖను పరిపాలనశాఖనుండి వేఱుపఱచుచు 1921లోనే ఫర్మాను వెలువడెను. బ్రిటిషు ఇండియాలో అప్పటి కింకను పూర్తిగా నమలుకాని సంస్కరణ మది. కాని కాగితముమీది న్యాయము పల్లెకు చేరుటకు అడ్డంకులు పెక్కు. అదాలతు భాష ఉర్దూ. రైతు భాష తెలుగు. వకీలునకు ఇచ్చుటకు సొమ్ము లేదు. తగవు వచ్చినచో పోవలసినది దేశముఖుగారి గడికి. వెట్టి చేయించుకొనువాడే తీర్పు చెప్పువాడైనచోట, మొఱ యెవరితో పెట్టుకొనుట? జనగామ తాలూకా కామారెడ్డిగూడెమున షేక్ బందగీ యను రైతు తన భూమికై ఏండ్లతరబడి వ్యాజ్యమాడి, 1940 ప్రాంతమున హత్యకు గురియయ్యెను. అదాలతు మెట్లెక్కినవానికి అట్టి గతి పట్టుట చూచినవారికి చట్టముమీద నమ్మక మెట్లు నిలుచును?

1946 జులై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగెను. పిమ్మట సూర్యాపేట, మిర్యాలగూడెము, హుజూర్‌నగరము తాలూకాలలో పోరాటము రగుల్కొనెను. రజాకార్ల దౌర్జన్యములు దానిని మఱింత పెంచెను. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము రాజ్యమున ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగెను. జనరల్ జె. ఎన్. చౌదరి సైనిక గవర్నరయ్యెను. పోరాటము మాత్రము ఆగలేదు. రెండువైపులను ప్రాణములు పోయినవి. హతులకును భార్యాబిడ్డలు కలరు. వారి దుఃఖమును మఱచి న్యాయమును గూర్చి మాటలాడరాదు. హత్య జరిగినపుడు విచారణ జరుగవలసినదే. ప్రశ్న యొక్కటే: ఆ విచారణ యెట్లు జరుగవలెను?

సైనిక ప్రభుత్వము సాధారణ న్యాయస్థానములకు బదులు ఈ అభియోగములకై ప్రత్యేక న్యాయమండలుల నేర్పఱచెను. నల్లగొండ జిల్లా అభియోగములలో పండ్రెండుగురు రైతుబిడ్డలకు 1949లో ఉరిశిక్ష పడెను. వారి అప్పీళ్లను హైదరాబాదు హైకోర్టు అదే సంవత్సరము డిసెంబరు 12, 13, 14 తేదీలలో కొట్టివేసెను.

ఈ తేదీలను గుర్తుంచుకొనుడు. భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చినది 1950 జనవరి 26. నడుమ నున్నవి నలువదిమూడు దినములు మాత్రమే. ఆ స్వల్పకాలముమీదనే పండ్రెండు ప్రాణముల యోగక్షేమములు వ్రేలాడెను.

ఉరికంబమునకు చేరువలో నున్న ఆ ముద్దాయిల పక్షమున ఆంగ్లదేశపు సుప్రసిద్ధ న్యాయవాది డి. ఎన్. ప్రిట్ ఢిల్లీలో వాదించెను. 'జనార్దనరెడ్డి ప్రభృతులు, హైదరాబాదు రాష్ట్రము' అను పేర ఆ వ్యవహారము న్యాయగ్రంథముల కెక్కినది. రాజ్యాంగపు 136వ అనుచ్ఛేదము క్రింద సుప్రీముకోర్టు ప్రత్యేకానుమతి నొసగి అప్పీలు వినవచ్చును. కాని హైకోర్టు తీర్పు చెప్పిననాటికి రాజ్యాంగము లేదు. ఆ హైకోర్టు నాడు భారతభూభాగములోని న్యాయస్థానమును కాదు. కావున అప్పీలు వినుటకు తమకు అధికారము లేదని న్యాయమూర్తులు 1950 డిసెంబరు 14వ తేదీన నిర్ణయించిరి.

అంతట ముద్దాయిలు 32వ అనుచ్ఛేదము నాశ్రయించి, తమ నిర్బంధమే చట్టవిరుద్ధమని వాదించిరి. వకీలును పెట్టుకొను అవకాశము తమకు చిక్కలేదనునది వారి మొఱలలో ముఖ్యమైనది. 1951 మార్చి 16వ తేదీన ఈ వినతియు త్రోసివేయబడెను. అయితే ఆ తీర్పులో నొక విలువైన మాట కలదు. వకీలు లేడన్నంతమాత్రమున ప్రతి విచారణయు చెల్లకుండ పోదు. కాని ఆ లోపమువలన న్యాయమైన విచారణయే లేకపోయెనని తోచినచో, అప్పీలు వినెడి కోర్టు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పనిలేదు. ఇది దాని సారాంశము. విత్తనము పడినది, మొలకెత్తుటకు కాలము పట్టెను.

ముద్దాయిల నుఱినుండి తప్పింపుడని దేశమునను విదేశములందును కోరిక లెగసెను. తుదకు మరణదండనము యావజ్జీవ కారాగారశిక్షగా మార్చబడెను. ప్రాణములు దక్కినవి, చట్టము త్రోవ మూయగా కరుణ తెఱచినది. కాని పెద్దలారా, కరుణ వేఱు, హక్కు వేఱు. కరుణ ఒకనాడు దొరకును, ఒకనాడు దొరకదు. హక్కు నిత్యముగా నుండవలెను.

ఆ హక్కు మెల్లగా వచ్చినది. సెషన్సు విచారణలో వకీలును పెట్టుకొనలేనివానికి ప్రభుత్వమే తన ఖర్చుతో వకీలు నియ్యవలెనని 1973 నాటి నేరవిచారణ స్మృతి 304వ సెక్షనులో విధించెను. 2024 జులై 1 నుండి అమలైన క్రొత్త చట్టమును ఈ నియమమును నిలిపినది. 1976 నాటి సవరణము రాజ్యాంగమున 39-ఏ అనుచ్ఛేదమును చేర్చి, బీదలకు ఉచిత న్యాయసహాయమును రాజ్యధర్మముగా చేసెను. 1987 నాటి న్యాయసేవల చట్టము జిల్లాలందును తాలూకాలందును సంఘముల నేర్పఱచెను. దీని ప్రకారము స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, నిర్బంధములో నున్నవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ వకీలును పొందవచ్చును.

మీ యూర నెవనినైనను పోలీసులు పట్టుకొనిపోయినపుడు, వాడు దోషియా నిర్దోషియా యని రచ్చబండమీద తీర్పు చెప్పుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుడు: 'వీనికి వకీలు కలడా?' లేనిచో న్యాయసేవాసంఘమునకు కబురంపుడు. నలువదిమూడు దినముల తేడాతో అప్పీలు త్రోవ మూసికొనిపోయిన ఆ పండ్రెండుగురి కథను మనము వ్యర్థము కానిచ్చితిమను నింద అప్పుడు మనకు రాదు.