దుమ్ము, బూజు, మా హాస్టల్ కెమెరా

ఈ పోస్టు కొంచెం పొడుగైంది. కెమెరా ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

పోయిన దండారి పండుగకు మేం పది మందిమి పైసలు వేసుకుని ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నం. మా ఊర్లో మూడు రోజులు ఫొటోలు తీసిన. గుస్సాడీల నెమలి ఈకల టోపీలు, గుమేల కొట్టేవాళ్ళు, వాకిట్లో ఎండలో కూర్చున్న మా తాత. హాస్టల్‌కు వచ్చి ల్యాప్‌టాప్‌లో పెద్దగా చేసి చూస్తే ప్రతి ఫొటోలో ఒకే చోట, కుడివైపు పైన, బూడిద రంగు మచ్చ. తాత ఫొటోలో అది సరిగ్గా ఆయన కంటి మీద పడ్డది. నేనేం చేసిన? లెన్స్ ఊడదీసి లోపలికి నోటితో ఉఫ్ అని ఊదిన. ఒక్క మచ్చ పోలేదు, ఇంకో ఇరవై వచ్చినయి. అన్నీ ఉమ్మి తుంపర్లే. తాత ఎండాకాలంలో పోయిండు. ఆయన ఫొటో ఇంకోటి లేదు.

ఆ తర్వాతే ఈ శుభ్రం చేసుడు సంగతి ఎక్కడ మొదలైందని చదివిన.

1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి గాజు పలక పద్ధతిని బయటపెట్టిండు. అప్పుడు ఫొటోగ్రాఫర్ పనిలో సగం గాజు తోముడే. మెత్తని రాతిపొడి, ఆల్కహాల్ కలిపి పలకను రుద్ది, మెత్తని తోలుతో తుడిచి, ఆ తర్వాత మందు పూయాలి. వేలిముద్ర మిగిలితే అది బొమ్మలో కనిపిస్తది. కానీ ఒక మేలు ఉండె. పలక చెడితే ఆ ఒక్క బొమ్మే చెడేది, తర్వాతి దానికి కొత్త పలక. తర్వాత వచ్చిన ఫిల్ము కూడా అంతే. దుమ్ము పడ్డ గడి ముందుకు జరిగిపోతే దాంతోపాటు దుమ్మూ పోయేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు అవసరమొస్తది.

లెన్స్ కథ ఇంకా తమాషా. 1890ల్లో యార్క్ నగరంలో లెన్సులు తయారుచేసే హెరాల్డ్ డెన్నిస్ టేలర్ ఒక వింత గమనించిండు. పాతబడి, పైన రంగు మారి మసకబారిన లెన్సులు కొత్తవాటికంటే ఎక్కువ వెలుతురును లోపలికి పంపుతున్నయి! అందరూ మురికి అనుకునే ఆ సన్నని పొర గాజు మీది తళుకును తగ్గిస్తున్నదన్నమాట. అంటే మురికి అనుకుని దాన్ని కష్టపడి పాలిష్ చేసి తీసేసినవాళ్ళంతా మంచి లెన్సును చేజేతులా తగ్గించుకున్నట్టే. 1904లో టేలర్ అటువంటి పొరను రసాయనాలతో తెప్పించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నడు. 1935లో జర్మనీలో జైస్ కంపెనీ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకులా శూన్యంలో పూత వేసే పద్ధతి కనిపెడితే దాన్ని సైన్యం రహస్యంగా ఉంచింది. మామూలు కెమెరాలకు ఆ పూత బాగా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. మన లెన్స్ మీద ఊదా, ఆకుపచ్చ రంగుల్లో మెరిసేది ఆ పూతే. నేను ఏడాది పాటు చొక్కా అంచుతో రుద్దింది కూడా దాన్నే. గాజుకంటే ముందు అరిగేది అది.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ పేరు మనలో తెలియనివాళ్ళు లేరు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయిన తర్వాతి ఏళ్ళల్లో ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉన్నరు. 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, మన దగ్గర తీసిన ఫొటోలు వేల సంఖ్యలో లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నయి. ఇద్దరి సమాధులు మార్లవాయిలోనే ఉన్నయి కాబట్టి మనిషిని మనోడే అనుకుంటం, అది వేరే. నాకు ఆ ఫొటోలు చూసినప్పుడల్లా వచ్చే ఆలోచన ఒకటే. మన వానల్లో, ఎడ్లబండ్ల దుమ్ములో తిరిగిన ఆ ఫొటోలు ఎనభై ఏళ్ళ తర్వాత కూడా ఇంత చక్కగా ఉన్నయంటే ఎవరో వాటిని రోజూ చూసుకున్నరు. మన తాతముత్తాతల ముఖాలు అట్ల మిగిలినయి. మా తాత ముఖం నా చేతిలోనే చెడింది.

మన వానలంటే బూజు. ఆ యుద్ధ కాలంలోనే న్యూగినీ అడవుల్లో సైన్యం బైనాక్యులర్ల లోపల, కెమెరాల లోపల సాలెగూడు లాగ బూజు అల్లుకుని అవి పనికిరాకుండా పోతుంటే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దాని వెనక పడవలసి వచ్చింది. బూజుకు గాజు తిండి కాదు. దాని మీది దుమ్ము, వేలి జిడ్డు, తోలు సంచి, ఇవే తిండి. కానీ అది వదిలే ఆమ్లం పూతను, ఒక్కోసారి గాజును కూడా తింటది. అట్ల మచ్చ పడ్డంక ఎంత తుడిచినా పోదు. మన ఇండ్లల్లో విత్తనాలను బూడిద కలిపి, పొయ్యి మీది అటుక మీద పెట్టేది తేమ తగలొద్దనే కదా. కెమెరాకు కూడా అదే లెక్క, పొగ మాత్రం వద్దు. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. కొందరు బియ్యంలో పెడతరు, అది చేయొద్దు, ఆ పిండి సందుల్లోకి పోతది. తోలు సంచిలో పెట్టి సందూకలో మూడు నెలలు వదిలేస్తే మాత్రం బూజుకు ఇల్లు కట్టించినట్టే.

ఇక డిజిటల్. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ అనే ఇద్దరు సీసీడీని కనిపెట్టినరు, 2009లో దానికి నోబెల్ వచ్చింది. 1991లో కోడాక్ నికాన్ కెమెరాకు సెన్సర్ పెట్టి అమ్మింది. ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొస్తది. సెన్సర్ ముందుకు జరగదు. ఒకసారి పడ్డ దుమ్ము తర్వాతి వెయ్యి ఫొటోల్లో కూడా ఉంటది. 2003లో ఒలింపస్ ఈ-1 కెమెరాలో సెన్సర్ ముందున్న గాజును అతివేగంగా వణికించి దుమ్ము రాల్చే ఏర్పాటు వచ్చింది. 2006లో కానన్ 400డీలో కూడా అట్లాంటిదే పెట్టినరు. పొడి దుమ్ముకు అది చాలు. ఉమ్మికి, నూనెకు చాలదు.

మనం తుడిచేది నిజానికి సెన్సర్‌ను కాదు, దాని ముందున్న సన్నని ఫిల్టర్ గాజును. అయినా దాని మీద గీత పడితే మార్పించే ఖర్చుకు ఇంకో పాత కెమెరా వస్తది. ముందు పరీక్ష చేయండి. అపర్చర్ ఎఫ్ 16 లేదా 22 పెట్టి, ఫోకస్ తప్పించి, ఖాళీ ఆకాశాన్ని తీయండి. రంధ్రం చిన్నదైతే మచ్చ గట్టిగా కనిపిస్తది. తాత ఫొటో ఎండలో అట్ల చిన్న రంధ్రంతో తీసిందే. ఫొటోలో పైన ఉన్న మచ్చ సెన్సర్ మీద కింద ఉంటది, ఎదురుగా చూస్తే కుడి ఎడమలు మారవు. బ్యాటరీ నిండా ఉన్నప్పుడే మెనూలో క్లీనింగ్ మోడ్ పెట్టండి, మధ్యలో ఆగితే షట్టర్ మూసుకుంటది. కెమెరా నోరు నేలవైపు పెట్టి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, మొన లోపలికి పోనీయకండి. డబ్బాల్లో వచ్చే గాలి వద్దు, ఒక్కోసారి అందులోంచి చల్లని ద్రవం చిమ్ముతది. దానికీ పోకపోతేనే సెన్సర్ సైజుకు తగ్గ స్వాబ్ కొని, రెండు చుక్కల ద్రవం వేసి, ఒక్క పక్క నుంచి ఇంకో పక్కకు ఒకేసారి లాగాలి. వాడిన స్వాబ్ మళ్ళీ వాడొద్దు.

లెన్స్ సులువు. మొదలు బ్లోయర్, తర్వాత మెత్తని బ్రష్, ఆఖరికి మైక్రోఫైబర్ గుడ్డ. ద్రవం గుడ్డ మీద వేయాలి, గాజు మీద కాదు, అంచుల నుంచి లోపలికి పోతది. ఇసుక రేణువు ఉండగా గుడ్డ పెట్టిండ్రంటే గీతే. రోజూ తుడవకండి కూడా. చిన్న దుమ్ము ముందు గాజు మీద ఉంటే ఫొటోలో కనిపించనే కనిపించదు.

మా కెమెరా ఇప్పుడు బాగైంది, మూడు స్వాబ్‌లు పట్టినయి. ఈసారి దండారికి ముందు వచ్చే ఆదివారం హాస్టల్‌లో ఫ్యాన్ బంద్ చేసి, కిటికీలు మూసి మళ్ళీ కూర్చుంటున్నం. మీ కెమెరాలు కూడా తెచ్చుకోండి. బ్లోయర్ ఉన్నది, స్వాబ్‌లు మాత్రం ఎవరివి వాళ్ళు.