దోమపాట విన్న మైక్రోఫోను

గుడిమల్కాపూరు పూల మార్కెట్టులో ఉదయవేళ బేరముల కోలాహలమే గాని, బంతిపూల రాసులపై వ్రాలు తేనెటీగల ఝంకారము మన చెవి కంతగా సోకదు. ఆ సవ్వడి లేక కాదు. పెద్ద ధ్వని చిన్న ధ్వనిని మ్రింగివేయుచున్నది. ఇట్టి సన్నని ధ్వనులను పట్టుకొనుటకు మానవుడు చేసిన ప్రయత్నమునకు సుమారు నూటయేబది యేండ్ల చరిత్ర కలదు.

1878లో ఇంగ్లండులో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ తన బొగ్గు మైక్రోఫోనును ప్రదర్శించెను. దానిపై నడచు ఈగ అడుగుల చప్పుడు సైతము టెలిఫోనులో వినవచ్చెనని నాటివారు అబ్బురపడిరి. 1913లో ఇవాన్ రెగెన్ అను శాస్త్రజ్ఞుడు మగ కీచురాయి పాటను టెలిఫోను తీగపై పంపగా, ఆవల నున్న ఆడ కీచురాయి రిసీవరు వైపునకే నడచెను. అచ్చట మగపురుగు రూపము లేదు, వాసన లేదు. పాట యొక్కటియే దానిని పిలిచినది.

ఈ కథలో మన నగరమునకు చుట్టరికము దోమ మూలమున కలిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు చెంత బేగంపేటలో రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ వ్యాధి క్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొనెను. అయితే అన్ని దోమలును మనకు మలేరియాను మోసికొని రావు. అనాఫిలిస్ జాతివే తెచ్చును. ఏ దోమ ఎచ్చట నున్నదో తెలిసిననే నివారణము సుకరము. ఇచ్చటనే కంటికి చెవి తోడు కావలసివచ్చినది.

దోమపాట గొంతునుండి పుట్టదు. అది రెక్కల రొద. డెంగ్యూను వ్యాపింపజేయు ఏడిస్ ఈజిప్టై జాతిలో ఆడుదోమ సెకనుకు సుమారు 400 మార్లు, మగదోమ సుమారు 600 మార్లు రెక్కలాడించును. ఆ లెక్కనుబట్టియే స్వరము మారును. 1945లో అమెరికాలో మోర్టన్ కాన్, ఆయన సహచరులు వ్యాధులను మోయు దోమల ధ్వనులను రికార్డు చేసి ప్రకటించిరి. పిదప ఆడుదోమ పాటను బయట వినిపించి, మగదోమలను రప్పించి చంపు ప్రయోగమును గూర్చి 1949లో వెల్లడించిరి. ఉపాయము చక్కనిదే, కాని మనలను కుట్టునది ఆడుదోమ, ఉచ్చులో పడినది మగదోమ! అందుచేత అది ఇంటింటి సాధనము కాలేకపోయినది.

రికార్డు చేసిన పాట మాత్రము వృథా పోలేదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మను ప్రకాశ్ బృందము, సామాన్యమైన సెల్‌ఫోను మైక్రోఫోనుతోనే రెక్కల రొదను పట్టి దోమ జాతిని గుర్తింపవచ్చునని నిరూపించెను. ప్రయోగశాల యంత్రము చేయవలసిన పనిని జేబులోని ఫోను చేయసాగినది. ధాన్యపు గింజలోపల దాగి నమలు పురుగు సవ్వడిని వినుటకును ఇట్టి పద్ధతియే తోడ్పడినది.

ప్రసంగకర్త గొంతును మీ ఇంటికి చేర్చు మైక్రోఫోనునకు ఇన్ని విధముల చెవి కలదు. అది దోమ పేరు చెప్పగలదు, చోటు చూపగలదు. పెరటిలోని కుండలందును, తొట్లయందును నిలిచిన నీటిని పారబోయుట మాత్రము మనము చేయవలసిన పని.